బూట్లు విప్పే చోటు

హాలు మొత్తంలో వెచ్చగా ఉన్న చోటు అదొక్కటే. పైన్ హార్బర్ ఊరంతా దాని చుట్టూ తిరిగి పోతోంది తప్ప ఒక్కరూ దాని మీద కాలు పెట్టడం లేదు.

మార్చి నెల. మిన్నెసోటా ఉత్తరపు కొసన మార్చి అంటే, చలికాలం వెళ్ళొస్తానని లేచి గుమ్మంలో నిలబడి ఇంకా కబుర్లు చెబుతూ ఉండే నెల. మంచు కరుగుతుంది, మళ్ళీ గడ్డకడుతుంది. రోడ్ల మీద చల్లిన ఉప్పూ ఇసుకా అందులో కలిసి, బూడిదరంగు బురదై ఊరందరి బూట్లకూ పడుతుంది. ఆ బూట్లతోనే జనం మంచు మీద హాకీ ఆడే హాలుకు వచ్చారు. ఆట మంచు మీద చెక్కపలకలు పరిచి, పైన తివాచీలు వేసి, ఏటా పెట్టే హోమ్ షో అక్కడే పెట్టారు. కిటికీల వాళ్ళు, ఇంటి కప్పుల వాళ్ళు, స్నానాల తొట్ల వాళ్ళు, ఆవిరిగదులు కట్టేవాళ్ళు వరసలు తీరి ఉన్నారు. కింది మంచు చలి తివాచీలోంచి పాకి వచ్చి మడమలు పట్టుకుంటోంది. అలాంటి చోట నీమి వాళ్ళ స్టాలులో పదిమంది నిలబడేంత నేల, లేతరంగు టైల్సు పరిచింది, ఎండకు కాగిన అరుగులా వెచ్చగా ఉంది. టైల్సు కింద పైపులు, పైపుల్లో గోరువెచ్చని నీళ్ళు. ఇల్లంతా ఇలా వెచ్చబెడతామని చెప్పి, ఇల్లు చూడటానికి రమ్మని జనం చేత చీటీ రాయించుకోవడమే ఆ స్టాలు పని.

అర్లిస్ నీమి తన నీలం స్వెటర్ వేసుకుని, కరపత్రాల పక్కన చాక్లెట్ల గిన్నె సర్ది, చీటీలు వేసే గాజుపాత్ర వెలుతురు పడే చోటికి జరిపింది. అమ్మకం మాటలు ఆమె పని కాదు. దానికి పైపులు తయారుచేసే కంపెనీ వాళ్ళు ట్రెవర్ అనే కుర్రవాణ్ణి పంపారు. అతనిది ఫీనిక్స్, ఎడారి ఊరు. వాళ్ళ ఊళ్ళో నేల వెచ్చబడితే జనం ఇల్లు వదిలి పారిపోతారు. అయినా పాఠం మాత్రం బాగా వల్లె వేసుకొచ్చాడు.

ఒక పెద్దమనిషి తివాచీ అంచున ఆగాడు. చేతితొడుగు తీసి, వంగి, పిల్లాడికి జ్వరం చూసినట్టు అరచెయ్యి టైలు మీద పెట్టాడు.

“మరీ అంత అన్యాయంగా ఏం లేదు,” అన్నాడు భార్యతో.

ఆ ఊళ్ళో అంతకు మించిన పొగడ్త పెళ్ళిళ్ళలో కూడా వినపడదు. ట్రెవర్‌కి ఆ సంగతి తెలియదు.

“రండి సార్! పైకొచ్చి నిలబడి చూడండి, పాదాల నుంచి మొదలయ్యే సుఖం!”

“అబ్బే, బూట్లు బురదగా ఉన్నాయి బాబూ.”

“పర్లేదు సార్, బూట్లతోనే రండి!”

పెద్దమనిషి ట్రెవర్ వైపు జాలిగా చూశాడు. ఆయన భార్య ఇంకాస్త జాలిగా చూసింది. ఇద్దరూ కలిసి కిటికీల వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికల్లా ట్రెవర్ ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘బూట్లతోనే రండి!’ అని రాసి నిలబెట్టాడు. జనం శ్రద్ధగా చదివారు. చదివి, ఇంకో అడుగు దూరం జరిగి నడిచారు. జనానికి దారి చూపించడానికి తనే తన మొనదేలిన తోలుబూట్లతో టైల్సు మధ్యకు వెళ్ళి చేతులు చాచి నిలబడ్డాడు. అతను దిగగానే అర్లిస్ తడిగుడ్డ తెచ్చి అడుగుల మరకలు తుడిచింది. అటుగా పోతున్న ఆడవాళ్ళిద్దరు ఆగి, ఆ మరకల వంకా ఆమె వంకా చూశారు.

“అబ్బాయిది ఫీనిక్స్,” అంది అర్లిస్, ఒంట్లో బాగాలేదని చెప్పే గొంతుతో.

“అయ్యో,” అన్నారు వాళ్ళు.

సాయంత్రం ఆమె మరిది డ్వేన్ వచ్చాడు. ఇళ్ళల్లో ఆ పైపులు వేసే నీమి కంపెనీ అతనిదే. అర్లిస్ భర్త రోజర్ బడి బస్సు నడుపుతాడు, పైపుల జోలికి రాడు. డ్వేన్ గాజుపాత్రలో చెయ్యి పెట్టి చీటీలు తీశాడు. రెండున్నాయి. ఒకటి ప్రతి ఏడూ లాటరీ బహుమతి కోసం రాసిపోయే వాళ్ళ బాబాయి కొడుకుది. రెండోదాని మీద ఎవరి పిల్లో కుక్క బొమ్మ వేసింది.

“కుక్క బాగుంది,” అంది అర్లిస్.

డ్వేన్ నవ్వలేదు. “ఇంక చాలు అర్లిస్. ఇదే ఆఖరు. ఈ స్టాలుకు పెట్టేదేదో వచ్చే ఏడాది నుంచి ఇంటర్నెట్లో పెడతా. అక్కడైతే ఎవరి బూట్లూ తుడవక్కర్లేదు. నువ్వు కూడా హాయిగా ఇంట్లో ఉండొచ్చు.”

పుట్టినరోజుకు బహుమతి ఇస్తున్నట్టు చెప్పాడు ఆ చివరి మాట. ఇన్నేళ్ళుగా అతను ఆమెను ఎన్నో అడిగాడు. టేపు ఎక్కడుంది, కాఫీ ఉందా, ఈ పెట్టె అటు పట్టుకుంటావా అని. నీకు ఇంట్లో ఉండటం హాయా అని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

నిజానికి మిగతా ఏడాది మీద అర్లిస్‌కి ఫిర్యాదేమీ లేదు. ఇల్లు మంచిది, మొగుడు నెమ్మదస్తుడు, పెరట్లో ఎండాకాలం పుల్లటి రూబార్బ్ కాడలు బాగా వస్తాయి. కాని హోమ్ షో మూడు రోజులూ ఆమెవి. ముందు రోజు జుట్టు కత్తిరించుకుంటుంది. పొద్దున్నే ఎవరికీ టిఫిన్ పెట్టకుండా బయటపడుతుంది. మధ్యాహ్నం హాకీ ఆడే పిల్లల తల్లులు నడిపే కౌంటర్‌లో, చిప్స్ పొట్లం చింపి అందులోనే కూరా చీజూ పోసి ఇచ్చేది నిలబడి తింటుంది. వండకుండా, కడగకుండా ఊరందర్నీ చూస్తుంది. ఆ మూడు రోజుల్లో ఆమెకు ఎక్కడో ఒకచోట ఉండాల్సిన పని ఉంటుంది.

“ఎంతమంది రాస్తే ఉంచుతావు?” అని అడిగింది, కరపత్రాలు సర్దుతూ.

“ఏం?”

“ఊరికే అడుగుతున్నా.”

“మా ఇంటికొచ్చి చూడండి అని ఒక ఇరవై మంది రాస్తే ఆలోచిద్దాం. రాయరులే.” డ్వేన్ కుక్కబొమ్మ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి అర్లిస్ వెనక తలుపు తీసింది. ఒక చెయ్యి గోడకు ఆన్చి, ఎడమ బూటు, కుడి బూటు, రెండూ రబ్బరు పళ్ళెంలో పెట్టి, మేజోళ్ళతో గోనెపట్టా మీద నిలబడింది. ఆమె ఈ పని ఎన్ని వేలసార్లు చేసి ఉంటుందో. ఈసారి మాత్రం అక్కడే ఆగిపోయింది.

“ఏమైంది?” అన్నాడు రోజర్ వంటింట్లోంచి. అతను పెట్టెలోంచి తీసి కాల్చిన పిజ్జా తింటున్నాడు.

“వాళ్ళకి బూట్లు విప్పే చోటు లేదు,” అంది అర్లిస్.

రోజర్ నములుతూ కాసేపు ఆలోచించాడు. “ఎవరికి?” అని అడిగేలోపల ఆమె నేలమాళిగలోకి దిగి, పాత బల్ల కోసం సామాన్లు జరపడం మొదలుపెట్టింది.

*

శనివారం పొద్దున్న స్టాలు ముందు ఒక గుమ్మం తయారైంది. తలుపు లేదు, గోడ లేదు. కాని ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు చూస్తే గుమ్మమే. ముందు గోనెపట్టా, దాని పక్కన బూట్లకు రబ్బరు పళ్ళేలు, కూర్చుని విప్పుకోవడానికి పొట్టి బల్ల, లోపల అంచున అత్తగారు పాతబట్టల పేలికలతో నేసిన చాప. టైల్సు మీద రెండు బెంచీలు, చిన్న మేజా. మేజా మీద గళ్ళ గుడ్డ కప్పిన యాలకుల రొట్టె. బూట్లతోనే రమ్మనే అట్టను అర్లిస్ తిరగేసి, రొట్టె కోసే పలక కింద పెట్టింది, అదరకుండా.

కాఫీ దగ్గర ఒక చిక్కు వచ్చింది. హాల్లో కాఫీ పోసే హక్కు హాకీ తల్లులది. బయటివాళ్ళు తెస్తే ఊరుకోరు. ఆ తల్లుల పెద్ద బెవ్ దగ్గరికి వెళ్ళి అర్లిస్ మాట్లాడింది.

“నీ కాఫీయే బెవ్. నీ కూజా, నీ కప్పులే. తాగే చోటు మాత్రం నాది.”

“మా కౌంటర్ ఏమైపోవాలి?”

“మీ కౌంటర్ దగ్గర చలి.”

బెవ్ తన కాళ్ళ వంక చూసుకుంది. “పెద్ద కూజా తెస్తా,” అంది.

పదింటికల్లా టోలెఫ్సన్ దంపతులు వచ్చారు. డోరిస్ ముందు, ఓర్విల్ వెనక. సరస్సు దారిలో పాత పొలం ఇంట్లో ఉంటారు, రిటైరైనవాళ్ళు. డోరిస్ చెయ్యి టైలు మీద పెట్టి చూసి లేవబోయింది.

“లోపలికి రండి, కాఫీ తాగుదురుగాని,” అంది అర్లిస్.

“అబ్బే, ఊరికే చూసి పోదామని.”

ట్రెవర్ మర్యాదగా తల ఊపి కరపత్రం అందించబోయాడు. అర్లిస్ మోచేత్తో అతన్ని పక్కకు జరిపింది.

“ఇప్పుడే పోసిన కాఫీ.”

“అయ్యో, మీకెందుకు శ్రమ. బూట్లు కూడా బురదగా ఉన్నాయి.”

“రొట్టె ఇంకా వెచ్చగా ఉంది డోరిస్. బూట్లు అక్కడ పెట్టండి.”

డోరిస్ ఓర్విల్ వంక చూసింది. ఓర్విల్ అప్పటికే బల్ల మీద కూర్చుని లేసులు విప్పుతున్నాడు.

“అయితే ఒక్క నిమిషం,” అంది డోరిస్.

ట్రెవర్ అర్లిస్ చెవిలో అడిగాడు: “ఆమె రెండుసార్లు వద్దందిగా?”

“మొదటిసారి మర్యాదకి బాబూ. రెండోసారి మొహమాటానికి. మూడోసారి మనం అడక్కపోతే, మనకే ఇష్టం లేదనుకుని వెళ్ళిపోతారు.”

“నిన్న నేను అందర్నీ ఒక్కసారే అడిగాను,” అన్నాడు ట్రెవర్, నీరసంగా.

“నిన్న నువ్వు అందర్నీ తరిమేశావు,” అంది అర్లిస్, రొట్టె ముక్క చేతిలో పెడుతూ.

డోరిస్ పాదాలు టైల్సు మీద పెట్టింది. కాలివేళ్ళు ఎర్ర మేజోళ్ళలో ఒకసారి విచ్చుకుని మళ్ళీ మూసుకున్నాయి. ఓర్విల్ కళ్ళు మూసుకున్నాడు. అటు పోతున్న వాళ్ళు బూట్లు లేని టోలెఫ్సన్లను చూశారు. ఒకళ్ళు ముందు విప్పారు కాబట్టి రెండోవాళ్ళకు దారి దొరికింది. అర్లిస్ ఒక్కొక్కరినీ మూడేసి సార్లు అడిగింది. మధ్యాహ్నానికి రబ్బరు పళ్ళేలు నిండి, బూట్లు తివాచీ వెంట కిటికీల వాళ్ళ స్టాలు దాకా బారులు తీరాయి. ఉన్ని మేజోళ్ళు, వేట మేజోళ్ళు, మడమ దగ్గర వేరే రంగు దారంతో రఫూ చేసినవి, చర్చి పెద్ద వేసుకొచ్చిన పెంగ్విన్ బొమ్మలవి. అందరూ వచ్చారు. ఎవరూ పోలేదు. పోదామని లేచినవాళ్ళు లేచి నిలబడి అరగంట మాట్లాడి, బల్ల మీద కూర్చుని ఒక బూటు తొడుక్కుని ఇంకో పావుగంట మాట్లాడారు.

ట్రెవర్‌కి ఉత్సాహం ఆగలేదు. మధ్యలో నిలబడి, గొంతు సవరించుకుని, “ఈ విధానంలో మీ ఇంధనం ఖర్చు ఎంత తగ్గుతుందంటే...” అని మొదలుపెట్టాడు.

బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. అందరి కళ్ళూ కప్పుల్లోకి దిగాయి. విందు మధ్యలో వంటవాడు వచ్చి ఉల్లిపాయల ధర చెప్పినట్టయింది. అర్లిస్ ముఖం వేడెక్కింది, తన ఇంట్లోనే ఎవరో పరువు తీసినట్టు.

“ట్రెవర్ బాబూ, కూజా ఖాళీ అయినట్టుంది, బెవ్‌ని అడిగిరా,” అంది గబగబా.

అతను వెళ్ళాక మాటలు మళ్ళీ మొదలయ్యాయి. వెళ్ళేటప్పుడు డోరిస్ మేజా పక్కన గాజుపాత్రను చూసింది. చూపు వెంటనే పక్కకు తిప్పుకుంది, తెరిచి ఉన్న పడగ్గది చూసినట్టు. అర్లిస్ చేతిలో కలం ఉంది, పక్కన చీటీల కట్ట ఉంది. చెయ్యి ముందుకు రాలేదు. ఇప్పుడే కాఫీ పోసిన చేత్తో కాయితం ఎలా చాపుతుంది?

“మీరోసారి మా ఇంటికి రావాలి,” అంది డోరిస్.

“తప్పకుండా,” అంది అర్లిస్.

ఆ రోజంతా అదే మాట చెప్పి వెళ్ళారు అందరూ. సాయంత్రం డ్వేన్ వచ్చేసరికి హాలు మూసే వేళయినా బెంచీల నిండా జనం ఉన్నారు. అతని ముఖం విచ్చుకుంది. ముగ్గురు నలుగురి భుజాలు తట్టి, నేరుగా గాజుపాత్ర దగ్గరికి పోయాడు. బోర్లించి చూశాడు. చాక్లెట్ కాయితం ఒకటి పడింది.

“కాఫీ హోటలు పెట్టావన్నమాట,” అన్నాడు అందరూ పోయాక.

“జనం వచ్చారుగా.”

“వచ్చారు. కూచున్నారు. రొట్టె తిన్నారు. పోయారు.”

“అడగలేకపోయాను డ్వేన్.”

“ఎందుకు?”

“మా ఇంటికొచ్చినట్టు వచ్చారు. ఇంటికొచ్చినవాళ్ళకి ఏమమ్ముతాం?”

అతనూ ఆ ఊళ్ళోనే పుట్టాడు. తనైనా అడగలేడని అతనికి తెలుసు. “మంచి పార్టీయే,” అన్నాడు చివరికి. “ఆఖరి ఏడాదికి తగ్గట్టే ఉంది.” ఆ మాటలో వెటకారం లేదు. అందుకే అర్లిస్‌కి ఎక్కువ గుచ్చుకుంది.

రోజర్ బండి నడుపుతుంటే, ఇంటికి పోయే దారంతా ఆమె కిటికీ అద్దానికి నుదురు ఆన్చి కూర్చుంది. ఒక్కణ్ణీ స్టాలులోకి రప్పించలేకపోయిన శుక్రవారం నయం అనిపించింది. ఆ తప్పు ట్రెవర్‌ది. ఇవాళ్టిది అచ్చంగా తనది.

*

ఆదివారం చర్చి అయ్యాక జనం ఇంకా పెరిగారు. ఇక దాచుకోవడానికేమీ లేదు కాబట్టి అర్లిస్ మామూలు కంటే ఇంకో రొట్టె ఎక్కువే కాల్చి తెచ్చింది. పోతే పోయిందిలే, పోయే ముందు కడుపునిండా అనుకుంది.

ట్రెవర్‌కి కూడా బుద్ధి వచ్చింది. మొనదేలిన బూట్లు విప్పి పళ్ళెంలో పెట్టి వచ్చాడు. కింద మేజోళ్ళు లేవు. తెల్లటి పాదాలతో టైల్సు మీద నిలబడ్డాడు. హాలు ఆ మూలనున్న వాళ్ళంతా ఆ పాదాల వంకే చూశారు.

“మేజోళ్ళు ఎక్కడ నాయనా?” అంది ఒకావిడ మెల్లగా.

“ఈ రకం బూట్లకి వేసుకోకూడదండీ. ఫ్యాషన్.”

“మార్చిలోనా?”

అల్లికల స్టాలు నుంచి ఎవరో ఒక జత బూడిదరంగు ఉన్ని మేజోళ్ళు తెచ్చి అతని ఒళ్ళో పడేసి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాత ట్రెవర్ ఆ ఊరి మనిషైపోయాడు. బెంచీ చివర కూర్చుని, ఫీనిక్స్‌లో ఎండకు తలుపు పిడి చెయ్యి కాలుస్తుందని చెబుతుంటే, ముసలివాళ్ళు చందమామ మీది వార్తలు విన్నట్టు విన్నారు.

మధ్యాహ్నం డోరిస్ మళ్ళీ వచ్చింది. ఓర్విల్ కారు దగ్గరే ఆగాడట, మోకాలు నొప్పి. బూట్లు విప్పి, ఒక కప్పు తాగి, గొంతు సవరించుకుంది. వెళ్ళేముందు మళ్ళీ అదే మాట.

“మీరోసారి మా ఇంటికి రావాలి అర్లిస్. ఎప్పుడైనా.”

అర్లిస్ తప్పకుండా అనబోయింది. మాట నాలుక మీదికి వచ్చింది. నిన్నటి నుంచీ ఎన్నిసార్లు అందో. ఆ ఊళ్ళో ఎప్పుడైనా అనే రోజు ఏ క్యాలెండర్లోనూ లేదు. రమ్మనడం మర్యాద, వస్తాననడం మర్యాద. ఎవరూ వెళ్ళరు, ఎవరూ ఎదురుచూడరు. డోరిస్ చేతుల వంక చూసింది ఆమె. ఆ చేతులు పర్సు పిడి తిప్పుతున్నాయి. మంచు పడ్డ దగ్గర్నుంచీ ఆ సరస్సు దారిలోకి ఎవరి బండీ తిరిగి ఉండదని అర్లిస్‌కి తట్టింది.

“మంగళవారం?” అంది.

డోరిస్ కళ్ళు రెండుసార్లు మూసి తెరిచింది. పక్కన రొట్టె నములుతున్నావిడ నమలడం ఆపింది. రోజు పేరు చెప్పడమంటే ఆ ఊళ్ళో చెయ్యి పట్టుకోవడమంత పని.

“మంగళవారం...” అంది డోరిస్. ఆమె మెడ మీద ఎరుపు పాకింది. “మంగళవారం మాకేమీ పని లేదే. అసలేమీ లేదు.”

“పదింటికి వస్తా. మా మరిది డ్వేన్‌ని కూడా తెస్తాను. మనం కాఫీ తాగుతుంటే అతను నేలమాళిగలోకి దిగి, మీ ఇంటి నేల ఎలా ఉందో ఒకసారి చూస్తాడు. చూడకపోయినా పర్లేదు.”

“చూడనీ! ఎందుకు చూడడు?” డోరిస్ ఆత్రంగా అంది. “అతను కాఫీలో పాలు పోసుకుంటాడా?”

“పోస్తే తాగుతాడు.”

“యాపిల్ కేకు చేస్తాను.”

పక్కనావిడ రొట్టె మింగి, డోరిస్ వంకా అర్లిస్ వంకా చూసి, “మా ఇంటికి కూడా ఎప్పుడైనా రావాలి మీరు,” అంది. ఈసారి ఎప్పుడైనా అన్న మాట చివర కొంచెం పైకి లేచింది, ప్రశ్నలాగా.

“బుధవారం?” అంది అర్లిస్.

ఇక ఆగలేదు. కాయితం, కలం తను పట్టుకోవడం బాగుండదని, దూరంగా స్టాలు మూలనున్న అల్మరా వెనక ట్రెవర్‌ని కూర్చోబెట్టింది. వినపడింది వినపడినట్టు రాయడం అతని పని. గళ్ళ మేజోళ్ళాయన గురువారం అన్నాడు. పెంగ్విన్ల చర్చి పెద్ద, శుక్రవారం చేపలు వేయిస్తాం కాబట్టి భోజనానికే రండి అన్నాడు. అక్కచెల్లెళ్ళిద్దరు మా ఇంటికి ముందంటే మా ఇంటికి ముందని బెంచీ మీదే పోట్లాడుకున్నారు. ఒకే వీధి కాబట్టి ఒకే పూట ఇద్దరిళ్ళకూ వచ్చేలా సర్ది చెప్పింది అర్లిస్. పైపుల మాట ఒక్కరూ ఎత్తలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది. రమ్మన్న ఇంట్లో ఎవరి నేల గురించి వాళ్ళు ఎంతైనా చెప్పుకోవచ్చు.

హాలు మూశాక డ్వేన్ వచ్చి టైల్సు కింది పైపుల్లోని నీళ్ళు తోడటానికి గొట్టం తగిలించాడు. అర్లిస్ చాప చుడుతోంది. ట్రెవర్ వచ్చి కాయితాల కట్ట డ్వేన్ చేతిలో పెట్టాడు.

డ్వేన్ చదివాడు. “మంగళవారం పదింటికి టోలెఫ్సన్. యాపిల్ కేకు. బుధవారం...” కాయితం తిప్పాడు. “ఇదేంటి? కేకులు రాసున్నాయి.”

“అవి వాళ్ళు పెట్టేవి,” అన్నాడు ట్రెవర్.

“మరి ఇల్లెంత ఉంది, బాయిలర్ ఏది, అవన్నీ?”

“ఇల్లు ఎక్కడికీ పోదుగా డ్వేన్,” అంది అర్లిస్. “వెళ్ళినప్పుడు చూసుకో.”

అతను మళ్ళీ మొదట్నుంచీ చదివాడు, పెదవులు కదుపుతూ. ఇరవై ఎక్కడో మధ్యలో దాటిపోయింది. ఇంకా కాయితాలు మిగిలే ఉన్నాయి. గొట్టంలోంచి నీళ్ళు బకెట్లోకి గుడగుడమంటూ పడుతున్నాయి. అప్పుడు అతని నుదుటి మీద ముడత పడింది.

“వీళ్ళంతా నిన్ను రమ్మన్నారు.”

“అవును.”

“నన్ను కాదు.”

“నిన్ను తెస్తానని చెప్పానులే. ఎవరూ వద్దనలేదు.”

“నేనొక్కణ్ణే పోతే?”

“పో. తలుపు తీస్తారు. మర్యాదస్తులు. గుమ్మంలోనే నిలబెట్టి, అర్లిస్ బాగుందా అని అడిగి పంపిస్తారు.”

డ్వేన్ బకెట్ మార్చాడు. ఒంగి ఉన్నాడు కాబట్టి ముఖం కనపడలేదు. “అయితే నువ్వు రావాలి,” అన్నాడు. కాసేపటికి, “వస్తావా?” అని కూడా అన్నాడు.

తనకు ముగ్గురు పిల్లలు పుట్టినప్పుడు కూడా అర్లిస్ గుండె అంత హాయిగా కొట్టుకోలేదు. కాని ఆమె కూడా ఆ ఊరి మనిషే.

“చూడాలి,” అంది, చాపకు తాడు కడుతూ. “రోజర్‌ని అడగాలి.”

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె ఏ పనికీ రోజర్‌ని అడిగి ఎరగదని డ్వేన్‌కి తెలుసు. రోజర్‌కి ఇంకా బాగా తెలుసు. రాత్రి భోజనాల దగ్గర ఆమె చెబితే, “నన్నెందుకు అడగడం?” అని బెదిరిపోయాడు. “పిజ్జాలున్నాయిగా?”

*

మంగళవారం పొద్దున్న ఎండ కాసింది. సరస్సు మీద మంచు మెరుస్తుంటే కళ్ళు చికిలించుకుని డ్వేన్ వ్యాను నడిపాడు. ఊరు దాటాక అన్నాడు:

“హాలు వాళ్ళకి ఫోన్ చేశా. వచ్చే ఏడాదికి మూల స్టాలు అడిగా. రెండు వైపుల నుంచీ దారి ఉంటుంది.”

“ఊఁ.”

“అదేంటి, ఊఁ?”

“మంచిదే అంటున్నా. అప్పటికి నాకు తీరుబడి ఉంటుందో లేదో చూడాలి.”

డ్వేన్ ఆమె వంక చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఒళ్ళో యాలకుల రొట్టె ఉంది, గళ్ళ గుడ్డలో చుట్టి. ఊళ్ళో ఎవరూ ఎవరింటికీ ఉత్త చేతులతో వెళ్ళరు.

టోలెఫ్సన్ల ఇంటి ముందు దారి అంతా తెల్లవారుజామునే పారతో తీసి, ఇసుక చల్లి ఉంది. వ్యాను ఆగకముందే డోరిస్ తలుపు తీసి నిలబడింది. కొత్త స్వెటర్ వేసుకుంది. అర్లిస్‌ని లోపలికి తీసుకుని, కోటు అందుకుని, అప్పుడు వెనకాల పనిముట్ల పెట్టెతో నిలబడ్డ మనిషి వంక చూసింది.

“ఈయనేనా...?”

“మా మరిది. పైపుల సంగతి చూసుకుంటాడు. మంచివాడే, అడ్డం రాడు.”

డ్వేన్ టోపీ తీశాడు. ఓర్విల్ అతనికి నేలమాళిగ మెట్లు చూపించి, మోకాలు పట్టుకుని మళ్ళీ వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. వంటింట్లో కాఫీ, దాల్చినచెక్క వాసన నిండి ఉంది. యాపిల్ కేకు పళ్ళెం నిండా పొంగి ఉంది. అర్లిస్ ఏమీ అడగలేదు. కాఫీ ఊదుకుని తాగింది. డోరిస్ ముందు మనవరాలి పియానో గురించి చెప్పింది, తర్వాత జింకలు తోటలోకి వచ్చి ఏం తిన్నాయో చెప్పింది. చివరికి తనంతట తనే కుర్చీలోంచి లేచి, సింకు ముందుకు వెళ్ళి, అక్కడి నేలను మేజోళ్ళ కాలితో తట్టింది.

“ఇదిగో అర్లిస్, ఇక్కడ. సరిగ్గా ఇక్కడ నిలబడితే ఎముకల్లోకి ఎక్కుతుంది చలి. నవంబర్ వస్తే గిన్నెలు కడగాలంటే ఏడుపొస్తుంది. ఈయనకి చెబితే రెండు జతలు వేసుకో అంటాడు.”

“మూడు జతలన్నాను,” అన్నాడు ఓర్విల్ కిటికీ దగ్గర్నుంచి.

“ఔనా,” అంది అర్లిస్. “ఆ గదిలో కూడానా?”

“ఆ గది సంగతి అడక్కు! రా చూపిస్తా. కాదులే, ముందు ఇంకో ముక్క తిను.” డోరిస్ కూజా అందుకుంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఇల్లంతా తిప్పి చూపించేదాకా ఆగేలా లేదు. ఆమె చెప్పే ప్రతి చల్లటి మూలా అర్లిస్ మనసులో ఒక్కొక్కటిగా దాచుకుంటోంది.

కింద నేలమాళిగలో కొలతల టేపు కొస చేజారి టపీమని లోపలికి చుట్టుకుంది. డ్వేన్ మళ్ళీ లాగాడు. మళ్ళీ జారింది.

“అర్లిస్!” డ్వేన్ గొంతు మెట్ల మీంచి వచ్చింది. “ఒక్కసారి కిందికొచ్చి ఈ కొస పట్టుకుంటావా?”

అర్లిస్ కప్పు డోరిస్ వైపు జరిపింది, నింపమని.

“కుదరదు డ్వేన్!” అని కేకేసింది. “నేను పనిలో ఉన్నాను.”